ఆర్సీ చెప్పేదొకటి, చాసిస్ చెప్పేదొకటి

పాత కారు బేరానికి వచ్చిన చోట మొదట పడే ప్రశ్న ‘ఏ సంవత్సరం మోడలు?’ అనే. అనకాపల్లిలో మెకానిక్ షెడ్డు ముందైనా, లండన్ వేలంపాటలోనైనా ఇదే ప్రశ్న. జవాబులు మాత్రం కనీసం మూడుంటాయి. ఫ్యాక్టరీలో తయారైన సంవత్సరం ఒకటి. కొన్నవాడు మొదటిసారి రిజిస్టర్ చేయించిన సంవత్సరం ఇంకొకటి. నాలుగు చేతులు మారాక ఆర్సీలో గుమాస్తా రాసిన సంవత్సరం మరొకటి. మూడూ కలిసిన కారు దొరికితే యజమాని అదృష్టవంతుడు. కలవని కారే ఎక్కువ. ఇక ఆ కారుకు మొదట ఏ రంగుండేది, ఏ ఇంజనుండేది, ఎవరు కొన్నారు అని అడగడం మొదలుపెడితే, వయసు తేల్చడమే తేలికైన పని అనిపిస్తుంది.

ఇన్నాళ్లూ ఇది పాత కార్ల పిచ్చి ఉన్న కొద్దిమంది గొడవ. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నియమాల్లో ‘వింటేజ్’ వాహనాలకు ప్రత్యేక అధ్యాయం చేర్చాక సంగతి మారింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, మోటారు సైకిళ్లు ఈ తరగతిలోకి వస్తాయి. చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టరయ్యే వాటికి నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఇదివరకే రిజిస్టరైన కారు తన పాత నంబరును ఉంచుకోవచ్చు. అంటే మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, అసలు ఇంజను, అసలు బాడీ అనే మాటలకు ఇప్పుడు చట్టంలో చోటు దొరికింది. వాటిని రుజువు చేయాల్సిన బరువు యజమాని మీద పడింది.

అనకాపల్లి కారుకు ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. కారు షెడ్డులోంచి కదలకపోయినా, దాని చుట్టూ ఉన్న సరిహద్దులు కదులుతూ వచ్చాయి. 1953 అక్టోబరు 1 దాకా ఈ ఊరు మద్రాసు పాలనలోని విశాఖపట్నం జిల్లాలో ఉంది. ఆ జిల్లాలోంచే 1936లో కోరాపుట్ వైపు భాగం ఒరిస్సాకు పోయింది, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి. మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. చివరికి 2022 ఏప్రిల్ 4న అనకాపల్లే జిల్లా కేంద్రమైంది. కాబట్టి 1950ల నాటి కారు కాగితం వెతికేవాడు ముందు చూడాల్సింది మ్యాపు. ఆ తేదీన ఆ ఊరు ఎవరి కింద ఉందో తేలితే, ఏ ఆఫీసు తలుపు తట్టాలో తేలుతుంది. ఇప్పటి జిల్లా ఆఫీసులో అడిగి, లేదంటే నిరాశపడి వెనక్కి వచ్చేవాళ్లు సగం దారిలోనే ఆగిపోయినట్టు.

నంబరు ప్లేటు కూడా ఇదే కథ చెబుతుంది. మన దేశంలో మోటారు వాహనాలకు మొదటి కేంద్ర చట్టం 1914లో వచ్చింది. 1939 చట్టంతో మూడు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగంకెల దాకా నంబరు అనే పద్ధతి స్థిరపడింది. మద్రాసు నంబర్లు ‘ఎంఎస్’తో మొదలయ్యేవి. 1988 చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చాక రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు రెండంకెలు వచ్చాయి. శ్రీకాకుళానికి ఏపీ 30, విశాఖపట్నానికి ఏపీ 31, విజయనగరానికి ఏపీ 35. 2019లో జిల్లా అంకెలు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరస వచ్చింది. ఇక మీదట నంబరు చూసి ‘ఇది విశాఖ బండి’ అని చెప్పే ఆట లేదు.

పాత కారు మీద ఏపీ 31 కనిపిస్తే అది 1989 తర్వాతి కారని కొందరు అనుకుంటారు. అలా అనుకోవడానికి లేదు. వేరే రాష్ట్రం నుంచి అనుమతి పత్రంతో వచ్చినా, వేరే కారణంతో తిరిగి రిజిస్టరైనా 1960ల కారుకు కొత్త వరస నంబరు పడుతుంది. అప్పుడు అసలు కథ వెనకటి ఆఫీసులో ఉంటుంది. ఆంధ్రలో తిరిగే పాత కార్లలో మద్రాసు నుంచి, బళ్లారి వైపు నుంచి వచ్చినవి ఉన్నాయి. డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అని కోర్టులు గడువు పెట్టాక ఢిల్లీ నుంచి దక్షిణాదికి వచ్చినవీ ఉన్నాయి.

కాగితాల్లో అన్నిటికన్నా బలమైనది యజమాని చేతిలో ఉండే, మనవాళ్లు సీ బుక్కు అనే ఆర్సీ అని చాలామంది నమ్ముతారు. దానికన్నా గట్టిది ఆఫీసులో మిగిలే బి-రిజిస్టర్. ప్రమాదం కేసుల్లో పోలీసులు, వకీళ్లు తెప్పించేది దాని నకలే. మొదటి యజమాని, తేదీ, చాసిస్ నంబరు, ఇంజను నంబరు, సిలిండర్ల సంఖ్య, సీట్లు, బరువు, ఆ తర్వాత పేరు మారిన ప్రతిసారీ ఒక పద్దు అందులో దొరుకుతాయి. ఫైనాన్సు తీసుకుని ఉంటే ఆ సంగతీ దొరుకుతుంది. వ్యక్తిగత వాహనానికి మొదటి పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరణ ఉంటుంది కనక, 50 ఏళ్ల కారు ఎన్నోసార్లు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి ఉండాలి. ఆ ముద్రలన్నీ వరసగా ఉంటే కారు ఎక్కడ ఎన్నాళ్లుందో తెలుస్తుంది. మధ్యలో పదేళ్లు ముద్ర లేదంటే, ఆ పదేళ్లూ కారు ఏ చెట్టు కిందో ఉన్నట్టు. ఇంజను తుప్పు గురించి మెకానిక్ చెప్పేదానికీ ఈ ఖాళీకీ తరచు లెక్క సరిపోతుంది.

అయినా ఆర్సీని వేదంలా చదవకూడదు. అది పుట్టింది పన్ను కోసం, యజమానిని పట్టుకోవడం కోసం. గుమాస్తాకు మార్క్ 1కీ మార్క్ 2కీ తేడా తెలియాల్సిన అవసరం లేదు. ‘ఫియట్ కారు’, ‘అంబాసిడర్’ అని రాస్తే ఆయన పని అయిపోయింది. తయారీ సంవత్సరం గడిలో రిజిస్ట్రేషన్ సంవత్సరమే రాసేయడం మామూలు. చేత్తో రాసిన పుస్తకాల్లోంచి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఏడు ఒకటైంది, ‘ఐ’ అక్షరం ఒకటంకె అయింది. అందుకే కంప్యూటరు కాగితాన్ని పాత చేతిరాత నకలుతో పక్కపక్కన పెట్టి చూడాలి.

దీనికి తోడు ఇళ్లలో దొరికేవి ఉన్నాయి. వాటి విలువ చాలామందికి తెలియదు. పాత ఇన్సూరెన్సు పాలసీలో చాసిస్ నంబరు, ఇంజను నంబరు, సీసీ, ఆనాటి విలువ ఉంటాయి. సాధారణ బీమా 1973 జనవరి 1న జాతీయమైంది. అప్పటిదాకా నడిచిన 107 కంపెనీలు నాలుగింటిలో కలిశాయి. కాబట్టి ఎప్పుడో మాయమైన ప్రైవేటు కంపెనీ పేరుతో పాలసీ దొరికిందంటే, కనీసం 1972 నాటికి ఆ కారు ఆ ఇంట్లో ఉందన్నమాట. పన్ను కట్టిన టోకెన్లు, డీలరు బిల్లు, సర్వీసు పుస్తకం కూడా పనికొస్తాయి. కారు ముందు నిలబడి తీయించుకున్న పెళ్లి ఫోటో మరీ పనికొస్తుంది. నలుపు-తెలుపు ఫోటోలో రంగు తెలియకపోయినా గ్రిల్లు, బంపరు, దీపాలు, నంబరు ప్లేటు తెలుస్తాయి. ఫోటో వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉంటే ఇంకేం కావాలి!

కాగితం తర్వాత ఇనుము. ఆర్టీఓ ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతే ఇక్కడ మొదటి మెట్టు. చాసిస్ మీద అచ్చుగుద్దిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీయడం అది. ఫోటోలో కనపడని గీత పెన్సిలు ప్రింటులో కనపడుతుంది. రివెట్లతో బిగించిన రేకు పలకను ఊడదీసి ఇంకో కారుకు బిగించవచ్చు. లోహంలో గుద్దిన నంబరును మార్చాలంటే గ్రైండింగు చేయాలి, మళ్లీ గుద్దాలి. అక్షరాల మధ్య దూరం, లోతు, చుట్టూ లోహం పలచబడటం, ఇవన్నీ పట్టిస్తాయి. అరగదీసిన నంబరును రసాయనాలతో మళ్లీ పైకి తెప్పించే పని ఫోరెన్సిక్ లాబులు చేస్తాయి. ఒక్క జాగ్రత్త: ఈ ప్రింటు టింకరింగు, పెయింటు పనులు మొదలుకాక ముందే తీసుకోవాలి. పుట్టీ, ప్రైమరు పడ్డాక చాలా గుర్తులు శాశ్వతంగా మూసుకుపోతాయి.

పాత కార్లలో ఈనాటి 17 అక్షరాల గుర్తింపు సంఖ్య వెతికితే దొరకదు. ఆ పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ల నుంచి తప్పనిసరైంది, మన దగ్గరికి ఇంకా తర్వాత వచ్చింది. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిదే. అందుకని చిన్న భాగాలను చదవడం నేర్చుకోవాలి. లూకాస్ డైనమో, స్టార్టరు మోటారు ఒంటి మీద నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. ఇంజను బ్లాకు పోతలో తేదీలుంటాయి. ట్రిప్లెక్స్ అద్దాల మీద కంపెనీ పేరు అక్షరాల దగ్గర ఉండే చుక్కలు తయారీ కాలాన్ని చెబుతాయి. డైనమో మీద 1962 అనీ, స్టార్టరు మీద 1961 చివరి నెల అనీ ఉంటే, కారు 1962లో తయారైందన్న మాటకు బలం వస్తుంది. ఒక్క భాగం తేదీని నమ్మకూడదు. దాన్ని ఎప్పుడో పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చి బిగించి ఉండొచ్చు. నాలుగైదు భాగాలు ఒకే కాలం వైపు వేలు చూపితే అప్పుడు నమ్మవచ్చు.

ఇక అసలు చిక్కు ఫ్యాక్టరీ స్పెసిఫికేషన్లది. పాత కార్ల మోజు పెరిగాక చాలామంది చేసే పని, ఆ కారుకు మూలమైన విదేశీ మోడలు పుస్తకం తెప్పించి దాని ప్రకారం ఇక్కడి కారును ‘సరిదిద్దడం’. మన కార్ల విషయంలో ఇది తప్పుదారి పట్టించే పని. 1960లలో మన రోడ్ల మీద తిరిగిన మూడు ప్రధానమైన కార్లనూ తీసుకుంటే, మూడింటి దగ్గరా ఇదే తేలుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలై, గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి 1948లో పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండు మోరిస్ కార్లే హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, 1954లో ల్యాండ్‌మాస్టర్ పేర్లతో వచ్చాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మన దగ్గర అంబాసిడర్ అయింది. ఇంగ్లండు కారులో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను ఉండేది. తొలి అంబాసిడర్లలో మాత్రం పాతకాలపు 1476 సీసీ సైడ్‌వాల్వు ఇంజనే వచ్చింది. 1959లో గాని 1489 సీసీ ఇంజను దానిలోకి రాలేదు. అంటే తొలి ఏడాది అంబాసిడరు దొరికితే దానిలో సైడ్‌వాల్వు ఇంజను ఉండటమే సరైనది. ఇంగ్లీషు పుస్తకం చూసి దాన్ని తప్పని తీసేసేవాడు అరుదైన వస్తువును పాత ఇనుముకు వేసినవాడవుతాడు. ఆ తర్వాత 1962 నుంచి మార్క్ 2, 1975 నుంచి మార్క్ 3, 1979 నుంచి మార్క్ 4, 1990లో నోవా. 1990ల మొదట్లో 1817 సీసీ ఇసుజు ఇంజను వచ్చింది. ఉత్తరపారాలో ఉత్పత్తి 2014 మేలో ఆగింది. గ్రిల్లు మారడాన్ని బట్టి మార్క్ చెప్పేవాళ్లు ఎక్కువ గాని, ముందు భాగాన్ని మొత్తం మార్చేసిన అంబాసిడర్లు లెక్కలేనన్ని. మార్క్ 1 ఒంటికి మార్క్ 4 మొహం అతికిన కారును చూసి బోల్తాపడకుండా ఉండాలంటే డాష్‌బోర్డు, డోరు లోపలి బిగింపులు, బ్లాకు పోత తేదీ చూడాలి.

ఫియట్ సంగతి ఇంకా విచిత్రం. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో మొదట డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను బిగించింది. ప్లిమత్ కారుకే డాడ్జ్ కింగ్స్‌వే అని ఒక పేరు, డిసోటో డిప్లమాట్ అని ఇంకో పేరు అతికించి అమ్మిన రోజులవి. కాబట్టి ఆ కార్లలో బ్యాడ్జి చూసి కంపెనీ తేల్చడం కుదరదు. 1954లో ఫియట్ 1100 వచ్చింది. ముందు తలుపులు వెనక నుంచి కీలు తిరిగే ఆ కారును సేకరణదారులు డుక్కర్ ఫియట్ అంటారు. 1964లో 1100డి వచ్చాక తలుపులు మామూలు పద్ధతిలోకి వచ్చాయి. అదే కారు ప్రీమియర్ ప్రెసిడెంటై, 1974లో ప్రీమియర్ పద్మినియై, 2000 ప్రాంతం దాకా నడిచింది. ఇటలీలో 1100డికి 1221 సీసీ ఇంజను. మన 1100డికి, పద్మినికీ 1089 సీసీ. ఇటలీలో 1100డి 1966లోనే ఆగిపోయింది. ఆ దేశపు పుస్తకం పెట్టుకుని మన 1970ల ఫియట్‌ను సరిదిద్దబోతే, ఎక్కడా లేని కారు తయారవుతుంది.

వాల్‌చంద్ పేరు విశాఖ వైపు వాళ్లకు ఫియట్‌తో గుర్తుండదు. 1941లో ఆయన సింధియా కంపెనీ పునాది వేయించిన నౌకా నిర్మాణ కేంద్రమే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దించారు. అనకాపల్లి నుంచి విశాఖ వెళ్లే దారిలో తిరిగిన ఫియట్లూ, ఆ దారి చివర రేవులో తేలిన ఓడా ఒకే మనిషి ఆలోచనలు.

మూడో కారు మద్రాసుది. స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ 1948లో స్థాపితమై వాన్‌గార్డ్, స్టాండర్డ్ 10 వంటివి తీసి, 1961 నుంచి ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌ను స్టాండర్డ్ హెరాల్డ్‌గా అమ్మింది. ఇంగ్లండు హెరాల్డ్ ఎప్పుడూ రెండు తలుపుల కారే. ఆ దేశంలో దాని ఇంజను 948 నుంచి 1147కి, తర్వాత 1296 సీసీకి పెరిగింది. మద్రాసు కారులో 948 సీసీ ఇంజను అలాగే ఉండిపోయింది. తలుపులు మాత్రం నాలుగయ్యాయి. 1960ల చివర్లో వచ్చిన ఆ నాలుగు తలుపుల హెరాల్డ్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. విదేశీ సంఘాల వాళ్లు దాని ఫోటో చూసి ఎవరో కోసి అతికించారేమో అనుకుంటే తప్పు వాళ్లది కాదు. 1972లో గేజల్ వచ్చి హెరాల్డ్ స్థానాన్ని తీసుకుంది.

కాబట్టి మన కారుకు మొదటి స్పెసిఫికేషన్ తెలియాలంటే మన దేశంలో అచ్చయిన కాగితాలే దిక్కు. కంపెనీ ఇచ్చిన యజమాని పుస్తకం, వర్క్‌షాపు మాన్యువల్, విడిభాగాల జాబితా, పత్రికా ప్రకటన. పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడెమీ స్కాన్ చేసి అందుబాటులో పెట్టింది. ఆంధ్రపత్రిక వంటి వాటి పుటలు తిప్పితే కార్ల, టైర్ల, బ్యాటరీల ప్రకటనలు తేదీలతో సహా కళ్ల ముందుంటాయి. ఫలానా మోడలు ఫలానా నెలకు మార్కెట్‌లో ఉందా లేదా అనే ప్రశ్నకు అంతకన్నా నిఖార్సయిన సాక్ష్యం లేదు. పాత సినిమాలు కూడా సాక్ష్యమే. 1950, 60ల తెలుగు చిత్రాలు ఎక్కువ భాగం మద్రాసులో తీసినవి కనక వాటిలో కనిపించేది మద్రాసు రోడ్డు, మద్రాసు కార్లు. కథానాయకుడు దిగుతున్నప్పుడు ఒక్క క్షణం తెర ఆపి తలుపు అంచును, ట్రిమ్మును చూసేవాళ్లున్నారు. సెన్సారు తేదీ ఉంది కాబట్టి, ఆ తేదీకి ముందే ఆ కారు ఉందని తేలుతుంది.

విదేశీ ఆర్కైవులు పనికిరావని కాదు. ఎక్కడ పనికొస్తాయో తెలిసి వాడాలి. ఇంగ్లండులో వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర మోరిస్, ఆస్టిన్, ఎంజీ, స్టాండర్డ్, ట్రయంఫ్ వంటి కంపెనీల ఉత్పత్తి పుస్తకాలు చాలా ఉన్నాయి. చాసిస్ నంబరు చెబితే, ఆ కాలపు పుస్తకం మిగిలి ఉంటే, తయారైన తేదీ, రంగు, ఇంజను నంబరు, ఏ దేశానికి పంపారో ధ్రువపత్రం ఇస్తారు. అక్కడే పూర్తిగా తయారై ఓడలో వచ్చిన కారుకు ఇది బంగారం లాంటి కాగితం. కానీ విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చి ఇక్కడ బిగించిన కారు సంగతి అడిగితే, ఆ పుస్తకంలో సాధారణంగా ‘విడిభాగాల కిట్టు, ఇండియా’ అనే వివరంతో కథ ముగుస్తుంది. రంగు వేసింది ఇక్కడ, సీటు గుడ్డ కుట్టింది ఇక్కడ. ఆ వివరం ఇంగ్లండుకు ఎలా తెలుస్తుంది?

దీనికి పూర్తిగా ఎదురు చివర ఉన్నది రోల్స్‌రాయిస్. ఆ కంపెనీ చాలాకాలం చాసిస్, ఇంజను మాత్రమే తయారుచేసి, బాడీని వేరే కంపెనీతో కట్టించుకోమనేది. ప్రతి చాసిస్‌కూ ఒక కార్డు ఉంది. ఆ కార్డులు నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీలో రోల్స్‌రాయిస్ అభిమానుల సంఘం దగ్గర భద్రంగా ఉన్నాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన 1912 నాటి పసుపు పచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన కారు అది. 1911 ఆగస్టులో ఆయన పోయాక గాని తయారవలేదు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ. రాజుల కారు గనక ప్రతి అడుగుకూ కాగితం మిగిలింది. చోడవరం షావుకారు 1966లో కొన్న ఫియట్‌కు అలాంటి కార్డు ఎక్కడా లేదు. రెండోదాని చరిత్ర రాయడమే కష్టమైన పని. నిజానికి ఆసక్తికరమైన పని కూడా అదే.

అనకాపల్లి నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే దారిలో, నర్సీపట్నం మీదుగా చింతపల్లి వెళ్లే దారిలో కార్లకన్నా జీపులదే రాజ్యం. పాత జీపు పూర్వాపరాలు తేల్చడం ఒక ప్రత్యేక శాస్త్రం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ దాదాపు 3.6 లక్షల ఎంబీ జీపులు తీసింది. అదే నమూనాను ఫోర్డ్ జీపీడబ్ల్యూ పేరుతో సుమారు 2.78 లక్షలు తీసింది. రెండింటికీ 2199 సీసీ, 60 హార్స్‌పవర్ ఇంజను. దూరం నుంచి ఎవరికీ తేడా తెలియదు. కిందికి వంగి ముందు అడ్డకమ్మీ చూస్తే విల్లీస్‌కు అది గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కు బోర్లించిన కాలువలాంటి రేకు. ఫోర్డ్ తన బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం గుద్దింది. విల్లీస్ నంబరు పలక ఫ్రేము ముందు భాగంలో ఎడమ వైపు లోపలి పక్కన ఉంటుంది. ఫోర్డ్ నంబరు ఎడమ ఫ్రేము కమ్మీ పైన గుద్ది ఉంటుంది.

సైన్యపు జీపుకు ముందు రేకులో తొమ్మిది చీలికలు, వెనక తెరుచుకునే తలుపు లేదు, పెట్రోలు ట్యాంకు మూత డ్రైవరు సీటు కింద. తర్వాతి పౌర జీపుకు ఏడు చీలికలు, వెనక తలుపు, బయట మూత. స్టీరింగు ఎడమ నుంచి కుడికి మారిన జీపులు మన దగ్గర ఎక్కువే కనక ఆ ఒక్క గుర్తునూ నమ్మడానికి లేదు. మహీంద్రా 1940ల చివర విల్లీస్ జీపులను బిగించడంతో మొదలుపెట్టి, పొడుగు ఇంజను పట్టేందుకు బానెట్ ఎత్తయిన సీజే-3బిని దశాబ్దాల పాటు తీసింది. తర్వాతి ఎంఎం 540లో ప్యూజో డీజిల్ ఇంజను వచ్చింది. ఇప్పుడు ఏజెన్సీ జీపులో ఏముంటుంది? ఫ్రేము ఒక కాలానిది, ఇంజను ఇంకో కాలానిది, బాడీ రేకు విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో కొత్తగా కట్టినది. డిస్పోజల్‌లో కొన్నదైతే, సైన్యం నంబరు చెరిగిపోకుండా ఎక్కడైనా మిగిలిందేమో చూడాలి. సైనిక వాహనాల నంబరులో పైకి చూసే బాణం గుర్తు తర్వాతి రెండంకెలు వాహనం చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. పెయింటు పొరలను నెమ్మదిగా అరగదీస్తే ఆ అంకెలు బయటపడటం అరుదేమీ కాదు.

ఇలాంటి జీపులో ‘అసలు’ అనేది ఎక్కడుంది? ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. 2013లో ఆమోదం పొందిన దాని టూరిన్ పత్రం ఈ విషయంలో మెత్తగానే ఉంది. వాహనం బతికిన కాలంలో జరిగిన మార్పులు కూడా దాని చరిత్రలో భాగమేనని, వాటిని చెరిపేసి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకు తీసుకెళ్లడమే పరమావధి అనుకోనక్కర్లేదని దాని ధోరణి. మన 2021 నియమం ఇంకో వైపు నిలబడింది. పెద్ద మార్పులుంటే వింటేజ్ కాదంటుంది. బ్రతుకుతెరువు కోసం నడిచిన వాహనాల దేశంలో ఈ నియమం షెడ్డులో ముసుగేసి దాచుకున్న కార్లకే ఎక్కువ అనుకూలం.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన పాత వాహనంతోనే దీన్ని పరీక్షించవచ్చు. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్య రథం నిజానికి పాత షెవర్లే వ్యాను. నంబరు ఏబీఆర్ 7776. నడిపింది కుమారుడు హరికృష్ణ. పైకెక్కి మాట్లాడటానికి వేదిక, లోపల విశ్రాంతికి చోటు ఉండేలా దాన్ని మార్చి కట్టించారు. 1983 జనవరి 9న రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆ వ్యాను రాష్ట్రమంతా తెలిసిన బండి. ఇప్పుడు ఎవరైనా దాన్ని అమెరికా షెవర్లే ఫ్యాక్టరీ కేటలాగు ప్రకారం ‘అసలు’ రూపానికి తెస్తానంటే ఒప్పుకుంటారా? ఆ మార్పులే దాని చరిత్ర. నియమంలోని మాటను అక్షరాలా పట్టుకుంటే మాత్రం ఆ బాడీ మార్పే దానికి అడ్డం.

మనుషుల జ్ఞాపకాల సంగతి చివరికి మిగిలింది. పాత మెకానిక్కులు, డ్రైవర్లు చెప్పే కబుర్లను చరిత్రకారులు తేలిగ్గా తీసేస్తారు. ‘ఈ కారులో ఫలానా మంత్రిగారు ఎక్కారు’, ‘ఇది జమీందారుగారి బండి’ అనే మాటలను జాగ్రత్తగానే వినాలి. అమ్మకం ధర పెంచడానికి పుట్టిన జమీందార్లు చాలామంది ఉన్నారు. కానీ ‘ఈ బండికి ఇంజను మార్చింది ఫలానా తుఫాను వచ్చిన ఏడాది, గేరుబాక్సు కాకినాడలో దొరికింది’ అని మెకానిక్ చెబితే అది వేరు. చేత్తో చేసిన పని తాలూకు జ్ఞాపకం అది, తేదీ తప్పినా వరస తప్పదు. దాన్ని రాసుకుని ఆర్సీలో ఇంజను నంబరు మారిన పద్దుతో పోల్చాలి. ఈ తరం మెకానిక్కుల్లో చాలామంది వయసు మీదపడి షెడ్లు మూసేస్తున్నారు. బి-రిజిస్టర్ నకలుకు దరఖాస్తు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. వాళ్ల మాట ముందు వినాలి.

ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఎక్కువగా ఎదురయ్యేది డీజిల్ పోసుకునే పెట్రోలు అంబాసిడరు. 1960లలో పెట్రోలు బండిగా కొన్నది, ట్యాక్సీగా మారాక ఖర్చు తగ్గించుకోవడానికి తర్వాతెప్పుడో డీజిల్ ఇంజను ఎక్కించుకుంది. దాన్ని కొన్న కొత్త యజమాని ముందు రెండు దారులున్నాయి. బ్లాకు పోత తేదీ కలిసే 1489 సీసీ పెట్రోలు ఇంజను కోసం పాత సామాన్ల కొట్లు గాలించడం ఒకటి. ట్యాక్సీ రోజుల డీజిల్‌తోనే ఉంచి, వీఏ నంబరు ఆశ వదులుకుని, ఐదేళ్లకోసారి మామూలు పునరుద్ధరణకు వెళ్లడం ఇంకొకటి. మొదటి దారి పట్టినా, దొరికిన ఇంజను నంబరు ఈ కారుతో పుట్టిన నంబరు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి తీసుకుని, ఆ మార్పును కూడా ఆర్సీలో రాయించాలి. అప్పటికి ఆ కాగితంలో ఒకే కారుకు మూడు ఇంజను నంబర్లు వరసగా ఉంటాయి.